ఆస్వాల్దుర్‌ని ఎవరూ వెక్కిరించలేదు

ఆ సాయంత్రం ఆస్వాల్దుర్‌కి ఇల్లు కదలాలని లేదు. ఒంట్లో ఓపిక ఏనాడో అడుగంటింది. చలికాలం ముందు అతని గొర్రెలకు మెదడు జబ్బు సోకిందని అధికారులు మందనంతా చంపించేశారు. అప్పటినుంచీ లోయలో జనం అతన్ని చూస్తే గొంతు తగ్గించి మాట్లాడతారు, కేకులు పట్టుకొచ్చి ఇస్తారు. ఆ జాలి ఉందే, ప్రాణం తోడేస్తుంది.

అయినా ఏటా నడి చలికాలంలో వచ్చే థోర్రి మాసపు విందు మానుతాడా? ఊరి హాల్లో పులియబెట్టిన పొట్టేలు వృషణాలు, కాల్చి ఉడికించిన గొర్రె తలకాయలు, కంపుకొట్టే షార్కు ముక్కలు, ఘాటైన సారా. అవన్నీ అయ్యాకే అసలు సంబరం. ఏడాదంతా ఎవరు ఏ తెలివితక్కువ పని చేశారో ఇంటింటి వరసన నాటకం కట్టి ఏకిపారేస్తారు. అందులో చీవాట్లు తినని ఇల్లు ఈ లోయలో ఇల్లే కాదు. నిరుడు ట్రాక్టరును ఏట్లో దించినందుకు ఆస్వాల్దుర్‌ని ఏడిపించి వదిలారు. ఈ ఏడూ నలుగురితో పాటు తననీ వెక్కిరిస్తే చాలనుకుని, ఒళ్ళు ఈడ్చుకుంటూ భార్య సైయున్‌తో వచ్చి కూర్చున్నాడు.

నాటకం ఏటి దిగువ ఇళ్ళతో మొదలై, ఒక్కో ఇంటినీ కడిగేస్తూ పక్కింటి కేతిల్ దాకా వచ్చింది. తర్వాతిది ఆస్వాల్దుర్ ఇల్లే. దాన్ని వదిలేసి, ఆ పై ఇంటికి పోయింది. హాల్లో ఒక్కరూ అతని వైపు చూడలేదు. ఛీ, మొహాన ఉమ్మేసినా ఇంతకన్నా నయం!

తెర పడగానే, నాటకం రాసిన కేతిల్‌ని పట్టుకున్నాడు.

"నేనేం చచ్చాననుకున్నావట్రా?"

"అది కాదన్నా... రాశాం. నొచ్చుకుంటావని కొట్టేశాం."

"ఏం రాశావో చెప్పి చావు! పైకెక్కి, అందరికీ వినబడేలా!"

కేతిల్ సైయున్ వంక చూశాడు. ఆమె తలూపింది. వేదికెక్కి నసిగాడు.

"గొర్రెలు పోయాక ఆస్వాల్దుర్ అన్నకి కాస్త తీరిక దొరికింది. ఇంట్లో ఎవరో ఆడమనిషి తిరుగుతోందని మొన్ననే గమనించాడట. ఎవరి మందలోంచి తప్పిపోయి వచ్చిందోనని, గొర్రెకు చూసినట్టు చెవి పట్టుకుని, యజమాని పెట్టిన గాటు గుర్తు వెతికాడట!"

ఎవరికీ నవ్వే ధైర్యం లేకపోయింది.

"దొరికిందిలే గుర్తు!" అంది సైయున్, గట్టిగా. "ఈయనదే. మందలో నేనొక్కదాన్నే మిగిలాను."

హాలు పగలబడి నవ్వింది. ఆస్వాల్దుర్ కూడా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూనే అందరి ముందూ బావురుమన్నాడు. మంద పోయాక అతను ఏడవడం అదే మొదలు.