బావ అన్‌ఫిట్ కావాలని

మా గోదావరిఖనిలో సినిమా అంటే ముందు హీరో ఎవరని అడుగుతారు. కాలనీ కమ్యూనిటీ హాల్లో నాలుగు ఆదివారాలు సాయంత్రం పూట సినిమాలు వేస్తారని నేను ఇల్లిల్లూ తిరిగి చెప్పినప్పుడు కూడా అదే అడిగారు. "హీరో లేడు, ఎండ ఉన్నది. రాండ్రి, చూస్తరు" అన్నాను. వాతావరణం ఎట్లా మారిపోతున్నది, బొగ్గు లేకుండా కరెంటు ఎట్లా వస్తుంది అన్నవి ఆ సినిమాల సంగతులు. హైదరాబాద్ నుంచి నలుగురు పిల్లలు ప్రొజెక్టరు పట్టుకుని వచ్చారు. ఊళ్లో తెలిసిన మనిషి కావాలంటే ఎవరో నా పేరు చెప్పారట. నేను బడి పంతులమ్మను. పని చెబితే కాదనడం రాదు, చేస్తున్నంతసేపూ మాత్రం అందరినీ తిడుతూనే ఉంటాను.

మొదటి ఆదివారం జనం పలచగానే వచ్చారు, అదీ హాల్లో కూలర్లున్నాయని. తెర మీద ఎక్కడో మంచుకొండ విరిగి సముద్రంలో పడుతుంటే ముందు వరసలో ఒక అవ్వ, "అది కరిగితే కరగనియ్యి బిడ్డా, ఈడ మేమే కరుగుతున్నం" అన్నది. అందరూ నవ్వారు. రెండో వారం బొగ్గు పొగ గురించి వేశారు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు. వెనక నుంచి ఒకాయన లేచి, "బొగ్గు బంద్ చేస్తే మేమేం తినాలె?" అని అడిగాడు. వచ్చేవారం చెప్తామన్నారు. మూడో వారం గాలిమరలు, సోలార్ పలకలు చూపించారు. ఆ అడిగినాయన మళ్లీ రాలేదు. నాకు మాత్రం ఆ సినిమాలు నిజమే అనిపించాయి. బడిలో పిల్లలకూ చెప్పాను, ఇంటికొచ్చిన వాళ్లకూ చెప్పాను, వినకపోతే కోప్పడ్డాను.

చివరి ఆదివారం ఇక్కడి మనుషులతోనే తీసిన చిన్న సినిమా వేద్దామని హైదరాబాద్ పిల్లలన్నారు. ముప్పై ఏళ్లు బాయిలోకి దిగిన మనిషి ఎవరైనా ఉన్నారా అని అడిగారు. బాయి అంటే మా దగ్గర గని. మా అక్క భర్త, మా బావ ఉన్నాడు అన్నాను. నా నాలుక కోసెయ్యాలి.

ఎందుకంటే అప్పటికే బావ మెడికల్ బోర్డుకు దరఖాస్తు పెట్టుకుని ఉన్నాడు. గనిలో పనిచేసే మనిషిని బోర్డు డాక్టర్లు అన్‌ఫిట్ అంటే అతని ఉద్యోగం కొడుక్కి వస్తుంది. అందుకే లోకమంతా ఫిట్‌గా ఉండాలని కోరుకుంటే మా కాలనీల్లో అన్‌ఫిట్ కావాలని దేవుడికి మొక్కుకుంటారు. ఎదురుపడితే "ఏమాయె, అన్‌ఫిట్ అయినాడా?" అని పెళ్లి కుదిరిందా అన్నట్టు అడుగుతారు. అక్కకు ఒక్కడే కొడుకు. డిగ్రీ చదివి మంచిర్యాలలో ఒక సెల్‌ఫోన్ల దుకాణంలో కూర్చుంటున్నాడు. ఇంకొన్ని నెలలైతే వాడికి ఉద్యోగానికి వయసు దాటిపోతుంది. దాటితే ఇక ఆ ఇంట్లో ఉద్యోగం లేనట్టే, కంపెనీ ఇచ్చిన క్వార్టరు కూడా ఖాళీ చేయాల్సిందే. బావ అన్‌ఫిట్ కావాలి, అదీ జల్దీ కావాలి.

కెమెరా పెట్టిన రోజు బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని, మీసం దువ్వుకుని వచ్చాడు. ఆ బృందంలోని అమ్మాయి మెత్తగా అడిగింది, "ఆరోగ్యం ఎలా ఉంటుందండీ?" అని. బావ నిటారుగా కూర్చున్నాడు.

"నాకేమైంది బిడ్డా? ఇప్పటికి సుత కిందికి దిగుత, మీదికి ఎక్కుత. నా ఎన్కొచ్చిన పోరగాండ్లే ఆగుతరు, నేనాగ."

కెమెరా వెనక నిలబడి ఆపమని చెయ్యి ఊపాను. గట్టిగా మాట్లాడమంటున్నాననుకుని ఆయన గొంతు ఇంకా పెంచాడు. మూడు మెట్లెక్కితే గోడ పట్టుకునే మనిషి ఆయన. కానీ ముప్పై ఏళ్లు తోటివాళ్ల ముందు అలిసిపోయాననే మాట నోట రాకుండా బతికినవాడు. అలిసిపోయానన్నవాణ్ని బాయిలో ఎట్లా ఆటపట్టిస్తారో ఆయనకు తెలుసు. కెమెరా ముందు మాత్రం ఎట్లా అంటాడు?

బయటికొచ్చాక దులిపేశాను. "బావా, నీకేమన్న తెలివున్నదా? బోర్డుకు పోయేటోడివి గట్ల చెప్తవా?"

"మరి కెమెరా ముందట దగ్గుకుంట కూసోవాల్నా మరదలా?" అన్నాడు, నిజంగానే అర్థం కానట్టు.

ఆ ముక్క తీసేయమని పిల్లలను బతిమాలాను. సినిమాలో అదే ప్రాణం, ఎక్కడికీ పంపము, ఇక్కడే చూపిస్తాము అన్నారు. ఇక్కడే కదా చూపించకూడనిది. వాళ్లకు అది ఎక్కలేదు, నాకు చెప్పడం చేతకాలేదు.

చివరి ఆదివారం హాలు నిండింది. తెర మీద బావ కనపడగానే ఈలలు, చప్పట్లు. దీపాలు వెలిగాక ఆయన దోస్తులు చుట్టుముట్టారు. "నీకు అన్‌ఫిట్ ఏందే? ఇంకో పదేండ్లు నువ్వే ఫిట్" అని ఒకాయన భుజం మీద చరిచాడు. బావ నవ్వుతూనే ఉన్నాడు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నా వంక ఒక్క చూపు చూసింది. అక్క కొడుకు లేచి ఆ అమ్మాయిని అడిగాడు. "మేడం, బాయి ఎన్నేండ్లకు బంద్ అయితది? నేను నౌకరి ఎక్కినంక ఎన్నేండ్లుంటది?" ఆమె తెలియదన్నది. సోలార్ పనిలో శిక్షణ ఇస్తారని చెప్పింది. "అది పర్మినెంటా?" అన్నాడు వాడు. కాదన్నది ఆమె. పాపం, అబద్ధం చెప్పడం రాలేదు.

బోర్డు పిలుపు వచ్చేదాకా అక్క నాతో మాట్లాడలేదు. ఆ సినిమా ఎవరో ఫోన్‌లో తీసి ఉంటారని, అది డాక్టర్ల దాకా పోయి ఉంటుందని నాకు ఒకటే ఫికర్. జబ్బుందని రుజువైతే చాలు స్వామీ అని మొక్కుకున్నాను. బావకు జబ్బు ఉండాలని మొక్కుకున్నాను నేను, చదువుకున్నదాన్ని.

బోర్డు నుంచి తిరిగొచ్చిన రోజు అక్క వాకిట్లోనే నన్ను వాటేసుకుంది. అన్‌ఫిట్. పక్క క్వార్టర్ల వాళ్లంతా వచ్చారు. బావ కుర్చీలో కూర్చుని వచ్చినవాళ్లందరికీ మిఠాయి డబ్బా అందిస్తున్నాడు, మధ్యమధ్య ఊపిరి కోసం ఆగుతూ. అక్క కొడుకు నన్ను వంటింట్లోకి పిలిచాడు.

"చిన్నమ్మా, డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పిండు. రెండు ఊపిరితిత్తుల్నిండ దుమ్మేనట. ఇప్పుడు దవాఖానకు తీసుకపోయినా ఎక్కువ రోజులు లేవట. నాయినకు తెల్వది. అమ్మకు తెల్వది."

ముందు గదిలో అక్క నవ్వు వినపడుతున్నది. ఎన్నాళ్లకో విన్నాను ఆ నవ్వు.

"నాకు గదే బాయి ఇస్తరట. పోవాల్నా, వద్దా? నువ్వు చెప్పు చిన్నమ్మా" అన్నాడు.

నాలుగు ఆదివారాలు హాల్లో నిలబడి జనాన్ని కూర్చోబెట్టి చూపించినదాన్ని. ఊరందరికీ చెప్పినదాన్ని. వాడు నా ముఖంలోకే చూస్తున్నాడు.

"పో బిడ్డా" అన్నాను.