జేబులో చేతులు, నీళ్లలో గాలం

గాలం కర్ర వంగింది. వంగాల్సిన కర్ర అది కాదు.

ఒడ్డున ఉన్న కుర్రాళ్లంతా ఒక్కసారిగా అటు తిరిగారు. కర్ర తాలూకు మనిషి దాన్ని రెండు రాళ్ల మధ్య గుచ్చి, చేతులు జాకెట్ జేబుల్లో దాచుకుని వణుకుతూ నిలబడి ఉన్నాడు. చేతులు బయటికి తీసేలోపే కర్ర సగం నీళ్లలోకి జారింది. ఎలాగో దొరకబుచ్చుకుని రీలు తిప్పడం మొదలుపెట్టాడు. ఆకుపచ్చని వీపు ఒకటి పైకి తేలి మళ్లీ మునిగింది. బాస్ అనే జాతి చేప, బాగా పెద్దది.

"తెంపెయ్ రా బై! దారం తెంపెయ్!" అన్నాడు పక్కవాడు గొంతు తగ్గించి.

"ఎందుకు తెంపాలె?"

"అంకుల్‌కి ఇంకా పడలేదు రా!"

ఈ భయం అర్థం కావాలంటే ఆ అంకుల్ గురించి చెప్పాలి. కెనడాలోని బ్రాంప్టన్‌లో మా వీధి చివరి పార్కులో చిన్న చెరువు ఉంది. పత్రిక ఉద్యోగం మానేశాక నేను పొద్దున్నే అక్కడి బెంచీ మీద కూర్చునేవాణ్ణి. శనివారాల్లో ఒక పెద్దమనిషి చేపలకు వచ్చేవాడు. భీమవరం వైపు మనిషి, ఒక వేర్‌హౌస్‌లో షిఫ్ట్ సూపర్‌వైజర్. చెరువులో ఒక పెద్ద బాస్ చేప ఉందని, దాన్ని తానే పడతానని ఏళ్లుగా చెప్పుకునేవాడు. అప్పటికి ఒడ్డున మేమిద్దరమే.

ఆ తర్వాత విద్యార్థులు విమానాల నిండా దిగిన రోజులొచ్చాయి. ప్రతి ఇంటి కింది బేస్‌మెంట్లోనూ పరుపుల పక్కన పరుపులు. కాఫీ షాపులో కాఫీ కొనేవాళ్ల కంటే రెజ్యుమె ఇచ్చేవాళ్ల వరుస పొడవు. ఎవడో ఒకడు శనివారం ఆ అంకుల్ పక్కన నిలబడి గాలం వేశాడట, సోమవారానికి ఆయన వేర్‌హౌస్‌లో షిఫ్ట్ దొరికిందట. ఆ కబురు బేస్‌మెంట్లన్నీ తిరిగింది. మరుసటి శనివారానికి ఒడ్డు నిండిపోయింది. డ్రైవింగ్ లైసెన్స్ లేని పిల్లలు చేపలు పట్టే లైసెన్స్ తీసుకుని వచ్చారు. చేపల వాసన పడని శాకాహారి ఒకడు ఎరకు వాడే ప్లాస్టిక్ పురుగుల్లో రంగులు ఏరుకుంటూ కనిపించాడు.

ఎవరూ చెప్పకుండానే నియమాలు ఏర్పడ్డాయి. లోతున్న చోటు అంకుల్‌ది. ఆయన కంటే దూరంగా గాలం విసరకూడదు. ఆయన కంటే ముందు ఎవరికీ చేప పడకూడదు. చిన్నదేదైనా పొరపాటున పడితే, దొంగసొత్తులా చప్పుడు కాకుండా నీళ్లలోకి వదిలేసేవారు.

"ఆపకుండా రీలు తిప్పాలయ్యా," అనేవాడాయన. "కష్టపడేవాడికే పడుద్ది."

అందరూ తిప్పేవారు. చలికి బాస్ చేప అడుగుకు చేరి కదలకుండా ఉంటుంది, పరిగెత్తే ఎర వెంట పడదు. ఈ సంగతి అందరూ వీడియోల్లో చూసినవాళ్లే. ఒక్కడూ నోరు విప్పలేదు.

ఇప్పుడు వంగిన కర్ర మా బేస్‌మెంట్లో అద్దెకుండే కరీంనగర్ కుర్రాడిది. ఆ గుంపులో ఆఖరున చేరాడు. దిగినప్పటి నుంచి అప్లై చేస్తూనే ఉన్నాడు, ఒక్క షిఫ్టూ రాలేదు. క్రిస్మస్ రద్దీ కోసం మనుషుల్ని తీసుకోవడం ఆ వారంతో ఆగిపోతుందని చెప్పుకుంటున్నారు. అంకుల్ తనతో ఒక్క మాట మాట్లాడితే చాలని వచ్చాడు. తడిసిన ఉన్ని గ్లవ్స్ పనికిరాక చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. ఎర అడుగున కదలకుండా పడి ఉంది. చేప దాన్ని నోట పెట్టుకుంది.

అతను దారం తెంపలేదు. చేపను ఒడ్డుకు లాగాడు. అంకుల్ తన వల పట్టుకుని నెమ్మదిగా వచ్చాడు. చేపను చూశాడు, కుర్రాణ్ణి చూశాడు.

"ఏ ఊరయ్యా మీది?"

"కరీంనగర్ అంకుల్."

"ఎలా తిప్పావేంటి?"

"తిప్పలే అంకుల్. చేతులు సలికి బిగుసుకపోయినయ్. జేబుల పెట్టుకున్న."

తిరుగుతున్న రీళ్లన్నీ ఆగాయి. నిజం చెప్పి దెబ్బతిన్న కొందరు నాయకుల్ని పత్రిక ఉద్యోగంలో చూశాను. ఇంత తొందరగా ఎవరూ చెప్పలేదు.

"అయితే పని చెయ్యకుండా ఊరికే నిలబడ్డావన్నమాట."

"అవునంకుల్." అన్నాక తెలిసింది ఏమన్నాడో. "కాదంకుల్! అంటే... చేపల కాడ మాత్రమే."

పక్కవాడు నవ్వాపుకోలేక దగ్గాడు.

"ఆ చేపనిటివ్వు. ఫోన్ పట్టుకో."

అంకుల్ చేపను దవడ దగ్గర పట్టుకుని, ఇంకా పెద్దగా కనబడేలా చేతులు బాగా ముందుకు చాచాడు. కుర్రాడు ఫొటోలు తీశాడు. తర్వాత చేప నీళ్లలోకి వెళ్లిపోయింది. మధ్యాహ్నానికి ఆ ఫొటో వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది: "మొత్తానికి పట్టేశా." కింద అభినందనలు. "లెజెండ్ అంకుల్" అని మొదట రాసింది, దారం తెంపమన్నవాడే.

కుర్రాడు ఫోన్ పట్టుకుని బేస్‌మెంట్ మెట్లెక్కి నా దగ్గరికి వచ్చాడు. "అంకుల్, నేను గూడ కంగ్రాట్స్ పెట్టాల్నా? పెట్టకపోతే గుస్సా అయితడు. పెడితే ఎక్కిరిస్తున్ననుకుంటడు."

"ఏమీ పెట్టకు," అన్నాను.

అయినా గ్రూపులో దండం పెట్టే బొమ్మ పెట్టాడు. తర్వాత అంకుల్ నంబరుకు విడిగా రెజ్యుమె కూడా పంపాడు.

మరుసటి శనివారం గాలం కర్రలన్నీ రాళ్ల మధ్య గుచ్చి ఉన్నాయి. అందరి చేతులూ జేబుల్లో ఉన్నాయి. కొత్తగా వచ్చిన ఒకమ్మాయికి అంకుల్ పాఠం చెబుతున్నాడు. "చలికాలం ఎరని కదపకూడదమ్మా. ఓపిగ్గా నిలబడాలి. అనుభవం మీద తెలుస్తాయివన్నీ."

అందరూ తలలూపారు. ఒడ్డుకు ఆ చివర మా కుర్రాడొక్కడే, వేళ్లు ఎర్రగా కందిపోయినా, అంకుల్‌కి కనబడేలా ఆపకుండా రీలు తిప్పుతూనే ఉన్నాడు.

ఆ వారంలోనే చెరువు గడ్డకట్టింది. వాట్సాప్‌లో కుర్రాడు పంపిన రెజ్యుమె కింద రెండు టిక్కులూ నీలంగా మారాయి, అంటే అంకుల్ చూశాడు. జవాబు రాలేదు.