నాటుమందు

మొన్న ఫ్రిజ్ తలుపులోని అర తుడుస్తుంటే, ఊరగాయ సీసా వెనక చిటికెన వేలంత ప్లాస్టిక్ సీసా ఒకటి దొరికింది. కరోనా కాలంలో తిరువూరులో మా వీధిలో ఇంటింటికీ పంచిన తియ్యటి హోమియో మాత్రల సీసా అది. చీటీ సగం చెరిగినా ‘ఆర్సెనికం’ అన్న పేరు మాత్రం నిలిచి ఉంది. ఏ వస్తువు ఎప్పుడు కొన్నానో, ఎప్పుడు పారేశానో తారీఖు వేసి డైరీలో రాసుకునే మనిషిని నేను. అటువంటి నేను ఆ సీసాను పారేయాలో దాచాలో తేల్చుకోలేక, ఫ్రిజ్ కుయ్‌మని గోల చేస్తున్నా అలాగే నిలబడిపోయాను. ఆ పేరు మా మేనత్త విషయంలో మా ఇంటిల్లిపాదినీ తికమక పెట్టిన తీరు అటువంటిది.

మా అత్త తెలుగు టీచరుగా పనిచేసి రిటైరయింది. పెళ్లి చేసుకోలేదు, మాతోనే ఉంటుంది. చర్చిలో హార్మోనియం ఆమెదే. కీర్తనలో ఎవరైనా దీర్ఘాన్ని హ్రస్వం చేస్తే, వాయిస్తూనే కళ్లద్దాల పైనుంచి ఒక చూపు చూసేది. ఆ చూపు తగిలిన గొంతు రెండో చరణంలో తప్పకుండా సరిపడేది. హార్మోనియం మెట్లను మాత్రం ఏనాడూ చూసి ఎరగదు. ఉబ్బసం ఒక్కటే ఆమె శత్రువు. అది కూడా కరోనా తరువాత ఎందుకో నెమ్మదించిందని సంతోషిస్తుండగా, కొత్తవి మొదలయ్యాయి. వీపు మీద, ఛాతీ మీద చర్మం నల్లబడి, దాని మీద వాన చినుకులు రాలినట్టు తెల్లటి చుక్కలు తేలాయి. అరచేతుల్లో జొన్నగింజల్లా గట్టి ఆనెలు లేచాయి. పాదాల్లో చీమలు పాకుతున్నట్టుందనేది. కొన్నాళ్లకు ఆ చీమలు వేళ్ల కొసలకు వచ్చాయి. ఒక ఆదివారం, అందరికీ కంఠతా వచ్చిన కీర్తనలో ఆమె వేలు పక్క మెట్టు మీద పడింది. చర్చి అంతా తప్పు శ్రుతిలో ఒక పాదం పాడి ఆగిపోయింది. ఆ తరువాత ఆమె హార్మోనియం మూత తీయలేదు. చేతులు చూసి కుష్టు అని గొణిగినవారు కూడా ఉన్నారు.

విజయవాడ తీసుకువెళ్లాము. చర్మవైద్యుడు అరచేతులను భూతద్దంతో చూస్తుండగా నేను ఫీజు రసీదు కోసం బయటికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి అత్త ముఖం కందగడ్డలా ఉంది. డాక్టరు కాగితాల్లో తల దూర్చి, మీరు తాగే నీళ్లు, మూత్రం పరీక్ష చేయించండి అన్నాడు. బస్సెక్కాక అసలు సంగతి చెప్పింది.

“నాటు తీసుకుంటారా అని అడిగాడే నన్ను! ప్రార్థన చేసుకునే మనిషిని పట్టుకుని!”

“నువ్వేమన్నావ్?”

“మా ఇంటా వంటా లేదు, మర్యాదగా మాట్లాడండి అన్నా.”

మా వైపు నాటు అంటే సారాయే. కాలేయం సంగతి ఆరా తీశాడు కాబోలని నేను కూడా సరిపెట్టుకున్నాను.

నా అనుమానమంతా బోరు నీళ్ల మీద. సీసా కడిగి, నింపి, చీటీ అంటించి పరీక్షకు ఇచ్చాను. నీళ్లలో దోషం లేదని వచ్చింది. దోషం లేనందుకు దిగులుపడటం నాకు అదే మొదటిసారి. మూత్రంలో మాత్రం ఆర్సెనిక్ అధికంగా ఉందని తేలింది. మన పాత మాటలో పాషాణం. డాక్టరు నోట ఆ మాట వినగానే అత్త తెరిపిన పడినట్టు నవ్వింది.

“అదా! కరోనాలో అందరికీ పంచారు కదండీ. నేను పూట తప్పకుండా వేసుకున్నా.”

ఆ మాత్రల్లో అసలు పదార్థం ఉందో లేదో అన్నంతగా పలచన చేస్తారని, పేరొక్కటే మిగులుతుందని, మనం వెతకవలసింది మరోచోట అని డాక్టరు చెప్పాడు. ఆ మరోచోటు ఏదో మాకు అంతుపట్టలేదు. పక్క పొలంలో పత్తికి కొట్టే మందా, బియ్యమా, నా సొంత వంటా? ఒకే కుండలో అన్నం తిన్న మాకెవరికీ చుక్క లేదు, ఆనె లేదు.

చిక్కుముడి విప్పింది పక్కింటావిడ. గంపలగూడెం వైపు రైతు కుటుంబం. గోడ మీదుగా కూరలతో పాటు సలహాలు కూడా ఇస్తుంది. ఒక సాయంత్రం గోడ అవతలి నుంచి కేకేసింది.

“టీచరు గారూ, పొడి అయిపోయిందా? మావాడు ఆ పొడిచ్చే వైద్యుడి ఊరెళ్తున్నాడు, ఇంకో డబ్బా తెప్పించనా?”

“ఏం పొడండీ?” అన్నాను నేను.

“ఉబ్బసం పొడమ్మా. తేనెలో రంగరించి నాకటమే.”

నేను అత్త వైపు తిరిగాను. “అత్తా, డాక్టరు అడిగింది నాటా, నాటుమందా?”

“నాటుమందే అన్నాడు. రెంటికీ తేడా ఏంటే?” అన్నది, ముప్పై ఏళ్లు పిల్లలకు వ్యాకరణం చెప్పిన మా అత్త. “మందంటే మాత్రం మంచిదా? మందు కొట్టాడంటే ఏంటి అర్థం? ఇది మందు కాదు, పొడి.”

పక్కింటావిడ ముఖం చిన్నబోయింది. “నేను నాలుగు రోజులే నాకానండీ. నోరంతా అదోలా అయి మానేశా.”

“మరి అమృతమన్నారుగా!” అన్నది అత్త.

“అమృతమనే ఇచ్చాడండీ ఆయన!”

ఆ పొడిని పరీక్షిస్తే విషమంతా అందులోనే ఉన్నదని తేలింది. తేనెలో దాని రంగు, రుచి అత్తకు ఏమీ తెలియలేదట. అది ఒంట్లోని ప్రోటీన్లకు అతుక్కుని వాటి పని ఆపేస్తుందని, కణాలు శక్తిని తయారుచేసుకోలేవని, పొడుగాటి నరాలు కొసల నుంచి దెబ్బతింటాయి గనుక ముందు పాదాలు, తరువాత వేళ్లు మొద్దుబారతాయని డాక్టరు బొమ్మ గీసి చెప్పాడు. ఏళ్ల తరబడి లోపలికి పోతే గుండె, కాలేయం పాడవుతాయి. చర్మానికి, ఊపిరితిత్తులకు, మూత్రాశయానికి క్యాన్సర్ రావచ్చు. మానేయడమే అసలు చికిత్స అన్నాడు. అత్తకు కావలసింది ఒక్కటే.

“వేళ్లు మళ్లీ వస్తాయా బాబూ?”

“కొంత రావచ్చండీ. నరాలకు తొందరుండదు. ఎంతవరకు వస్తుందో చెప్పలేను. ఆనెలను మాత్రం ఏటేటా చూపించుకోవాలి.”

పొడి మానగానే ఉబ్బసం తిరిగి వచ్చింది. దానికి ఇప్పుడు పీల్చే మందు వాడుతున్నది. ఆ పొడి ఉబ్బసాన్ని నిజంగానే తగ్గించిందా, తగ్గినట్టు అనిపించిందా అన్నది నాకు ఈనాటికీ తెలియదు. చంపేదీ, బతికించేదీ, మత్తెక్కించేదీ, పత్తి మీద కొట్టేదీ అన్నీ మందే అయిన మన భాషలో, డాక్టరు అంతకంటే స్పష్టంగా ఎలా అడగాలో కూడా నాకు తోచదు.

అత్త మళ్లీ హార్మోనియం వాయిస్తున్నది. వేళ్లకు మెట్టు తెలియదు గనుక కళ్లతో చూసి నొక్కుతుంది. ఇప్పుడెవరు దీర్ఘం మింగినా ఆ చూపు పడదు. పాట నెమ్మదించింది, చర్చి కూడా ఆమె కోసం నెమ్మదిగా పాడటం నేర్చుకున్నది. మాత్రల సీసాను చివరికి పారేశాను. తారీఖు వేయడానికి డైరీ తెరిచి, అలవాటు కొద్దీ ఆ జబ్బు మొదలైన తారీఖు కోసం వెనక్కి తిప్పాను. అటువంటిది లేదు. చిటికెడు చిటికెడుగా వచ్చేదానికి కాలం తారీఖు వేయదు. అది వెళ్లేటప్పుడు కూడా అంతే కాబోలు, ఏ ఆదివారమో ఆమె తల ఎత్తి మనవైపు చూస్తే గాని తెలియదు.