బొంతలో కుట్టిన ఎర్ర గుడ్డ

పదకొండేళ్ళుగా ఒక గుడ్డ బరువు మోస్తున్నాను. చేతిలో పెట్టుకుంటే ఈక అంత కూడా ఉండదు. మూడో తరగతితో బడి మానేసినదాన్ని, అక్షరాలు కూడబలుక్కుంటూ రాస్తున్నాను. నువ్వెవరో నాకు తెలియదు. అందుకే నీకు చెప్పగలుగుతున్నాను.

హోసూరు కంపెనీలో పనిచేసే నా కొడుకు, కోడలు క్యాంపింగ్ అని తిరిగే రోజులు. కృష్ణగిరి డ్యాం నీళ్ళ నడుమ ఒక దిబ్బ ఉంది. పుట్టిలో, అదే గుండ్రటి బుట్ట పడవలో, తప్ప అక్కడికి పోలేం. గుడారం వేసుకుని ఒక రాత్రి ఉండి, మరుసటి సాయంత్రం రావాలని బయలుదేరారు. బయట తిండి దండగని నేనూ గిన్నె, రాగిపిండి మూటగట్టుకుని వెంట పోయాను. మనవరాలికి అప్పుడు ఐదేళ్ళు.

దిబ్బ మీద ఫోను పనిచేయదు. గుర్తుకు ఎర్ర గుడ్డ ఒకటి ఇస్తానని పుట్టి నడిపే మునియప్ప ఒడ్డునే అందరికీ చెప్పాడు. మమ్మల్ని దింపాక, కొడుకు, కోడలు గుడారం మోసుకుని పైకి పోయినప్పుడు, దాన్ని నా చేతిలో పెట్టాడు.

"అమ్మా, ఏమన్నా అయితే ఇది ఆ కొయ్యకు కట్టండి. అన్నం ముందర కూర్చోనున్నా లేచి వస్తాను. ఎర్రదే కట్టల్ల. టౌనోళ్ళు ఆడంతా గుడ్డలు ఆరేస్తారు. వాటిని నమ్మి పుట్టి వేసుకొని వస్తా ఉంటే నా రెక్కలు పడిపోతాయి" అని నవ్వాడు.

మరుసటి పొద్దున గంజి కాచాను. మసిగుడ్డ ఇంట్లో మరిచిపోయాను. కోడలి తువ్వాలు ఖరీదైనది, దానికి మసి అంటించడానికి మనసు రాలేదు. ఎర్ర గుడ్డ ఊరికే పడి ఉంది కదా అనుకున్నాను. రెండుగా చింపి, రెండు చేతులకూ చుట్టుకుని గిన్నె దించాను.

పలుచటి గుడ్డ. చేతులు కాలాయి. గిన్నె వదిలేశాను. అది మనవరాలి పాదం మీద పడింది.

ఆ కేక గురించి రాయను.

కొడుకు పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, ఎర్ర గుడ్డ యాడ?"

మసితో, గంజితో తడిసిన ముక్కలు అప్పటికే నా సంచి అడుగున ఉన్నాయి. "ఆయప్ప యాడ ఇచ్చినాడురా? ఇవ్వనే లేదు" అన్నాను.

ఎందుకన్నాను? అప్పటికైనా ఆ ముక్కలు నీళ్ళలో జాడించి కట్టి ఉంటే ఎరుపు తేలేది కాదా? అరిగిన సబ్బు ముక్కకు, కొత్తిమీర కాడకు కోడలిని సాధించిన నేను, ఆ కోడలి ఎదుట తల వంచలేక, పసిబిడ్డ ఏడుపు వింటూ సంచి మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. కొడుకు తన నీలం తువ్వాలు కట్టాడు, గొంతు పోయేలా అరిచాడు. ఒడ్డు దూరం. మునియప్ప చెప్పిన వేళకే, సాయంత్రం, వచ్చాడు.

బిడ్డ కాలు చూసి అతని ముఖం పాలిపోయింది. "మీ చేతికే కదమ్మా ఇచ్చినాను?"

"నా చేతికా? దేవుడు చూస్తా ఉన్నాడు, అబద్ధం చెప్పొద్దప్పా."

అన్నది నేను. అందరూ నన్నే నమ్మారు. నేను అబద్ధమాడనని పేరు. నా కొడుకు ఒడ్డున ఊరి పెద్దల దగ్గర గొడవ చేశాడు. మునియప్ప పుట్టిలో ఎవరూ ఎక్కకుండా చేశారు. తర్వాత అతను రాళ్ళ క్వారీలో పనికి పోయాడని విన్నాను.

మనవరాలి కాలి వేళ్ళు రెండు అతుక్కుపోయాయి. చెప్పులు తొడుక్కోవాలంటే ఇప్పటికీ కూర్చోవాలి.

ఆ ముక్కలు పారేయలేదు. గుడ్డ పారేసే అలవాటు నాకు లేదు. ఉతికి, బొంత లోపలి పొరలో పెట్టి కుట్టేశాను. మనవరాలు దాన్నే కప్పుకుంటుంది. "అవ్వా, నీ బొంతంత వెచ్చన ఏదీ లేదు" అంటుంది. ఆ మాట విన్నప్పుడల్లా కుట్లు ఊడాయేమోనని బొంత అంచు తడుముతాను.

ఈ మధ్యాహ్నం కుట్లు విప్పాను. రెండు ముక్కలూ ఎర్రగానే ఉన్నాయి. రేపు కొడుకును, కోడలిని, మనవరాలిని వెంటబెట్టుకుని మునియప్ప ఊరికి పోతాను. లోపలికి రమ్మనకపోతే వాకిట్లోనే నిలబడతాను. క్షమించమని అడగను. అది కూడా అతని నెత్తిన పెట్టడం దేనికి? అందరూ వినేలా ఒక్క మాట చెబుతాను.

"నువ్వు ఇచ్చినావప్పా. నా చేతికే ఇచ్చినావు."