కుడివైపుకు లాగే బండి

అది 2023, వానలు వెనకపట్టిన రోజులు. అల్వాల్‌లో మాది ఒకే షట్టర్ దుకాణం. ముందు భాగంలో స్పేర్ పార్టులు, వెనక నా బల్ల. ఒకప్పుడు టీవీలు బాగుచేసేవాణ్ణి. టీవీలు పలచబడి, వాటిని బాగుచేయించుకునేవాళ్లు కరువయ్యాక రిమోట్ కార్లలోకి దిగాను. ఇవి చంటిపిల్లల బొమ్మలు కావు. అసలు కారులో ఐదో వంతు ఉంటాయి, ఎత్తాలంటే రెండు చేతులూ కావాలి, కాలికి తగిలితే వాచిపోతుంది. "బొమ్మల డాక్టరుగారు" అని మా బావమరిది ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు. చేసుకోనీ.

ఒక ఆదివారం బోయిగూడ నుంచి సుజాత అనే అమ్మాయి అలాంటి కారొకటి ఆటోలో వేసుకొచ్చింది. ముప్ఫయ్యేళ్లు ఉంటాయి, ఏదో ఆఫీసులో ఉద్యోగం. కారును బల్ల మీద పెట్టి ఆయాసం తీర్చుకుంది.

"అన్నా, ఇది సీదా పోతలేదు. కుడిదిక్కు గుంజుతున్నది."

"ఎవరు నడుపుతరమ్మా?"

"మా నాన. నేనైతే ముట్టలే."

నేను స్క్రూలు విప్పుతుంటే ఆ అమ్మాయే సంగతంతా చెప్పింది. నాన్న పేరు యాదగిరి, ఉద్యోగమంతా సిటీ బస్సు డ్రైవరు. రిటైరయ్యాక పక్షవాతం వచ్చి ఎడమ కాలు, ఎడమ చెయ్యి పడిపోయాయి. కాలు కొంత కుదురుకుని కర్రతో నడుస్తున్నాడు. కానీ లైసెన్సు మళ్లీ ఇచ్చేది లేదన్న రోజు నుంచి గడప దాటడం మానేశాడు. ఎడమ చేతి వేళ్లకు పని చెప్పాలని ఫిజియోథెరపీ అమ్మాయి రబ్బరు బంతి ఇస్తే బజారులోకి విసిరికొట్టాడట. ఈ కారు రిమోట్ పిస్తోలు ఆకారంలో ఉంటుంది. ఎడమ చూపుడువేలితో ట్రిగ్గర్ నొక్కితే బండి కదులుతుంది, కుడిచేత్తో చిన్న చక్రం తిప్పితే మలుపు తిరుగుతుంది. అది చూసి సుజాత సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కొచ్చింది.

"షురూల మంచిగనే గడపల కూసొని నడిపిండన్నా. ఊకె కుడికి వొయి గోడకు కొట్టుకుంటున్నదని నిన్న మంచం కిందికి నూకిండు. ఇది సుత కాదంటే నాన ఇగ బయట మొకమే సూడడు."

ఆ మాటతో పనిమీద నాకు మరింత శ్రద్ధ కలిగింది. ముందు చక్రాలను తిప్పే చిన్న మోటారు పెట్టెను స్టీరింగ్ సర్వో అంటారు. దాని పైన పళ్లున్న ఇరుసు ఉంటుంది, దానికి బిగించే చిన్న చెయ్యి పేరు హార్న్. ఆ ఇరుసును సరిగ్గా మధ్యకు తేవడాన్నే సెంటరింగ్ అంటారు, అది చేయాలంటే ముందు హార్న్ విప్పేయాలి. రిమోట్‌లో ట్రిమ్ అని ఒక మీట ఉంటుంది, చక్రాల నడిమి స్థానాన్ని కొద్దిగా అటూ ఇటూ జరపడానికి. దాన్ని సున్నా మీద పెట్టాలి. తర్వాత రిమోట్, ఆ పైన కారు ఆన్ చేస్తే సర్వో తనంతట తానే మధ్యకు వచ్చి ఆగుతుంది. అప్పుడు హార్న్‌ను నిటారుగా కూర్చోబెట్టి, చక్రాలు సూటిగా నిలిచేలా, వాటిని హార్న్‌కు కలిపే కడ్డీల పొడవు సరిచేయాలి. తొందరపడి హార్న్ ఒక పన్ను పక్కకు బిగించామా, ఇక ఆ బండి ఎప్పటికీ వంకరగానే పోతుంది.

అంతా పద్ధతిగా చేసి, దుకాణం ముందు సిమెంటు రోడ్డు మీద వదిలాను. గీత గీసినట్టు పోయింది. మళ్లీ ఆదివారానికి సుజాత తిరిగొచ్చింది, అదే ఫిర్యాదు. ఈసారి సర్వో సేవర్ చూశాను. గుంతలో పడ్డప్పుడు దెబ్బ సర్వోకు తగలకుండా కాచే స్ప్రింగు కీలు అది. స్ప్రింగు వదులైతే చక్రాలు మధ్యకు రావు. కొత్తది వేశాను. నా చేతిలో మళ్లీ సూటిగానే పోయింది. ఆ పై వారం ఆ అమ్మాయి ఆటో దిగుతుంటేనే నాకు ఒళ్లు మండింది.

"మీ నానను తోల్కరా తల్లీ. ఆయన ఏం జేస్తున్నడో నేను సూడాలె. నాకే పరేషాన్ అయితున్నది."

ఆయన రాడనే అనుకున్నాను. సుజాత తెలివైంది. "నడుపుడు నీకే వస్తలేదట, మెకానిక్ అంటున్నడు" అని ఇంట్లో చెప్పిందట. ఆ మాట ఏ డ్రైవరు పడతాడు? మరునాడే బయలుదేరి వచ్చాడు.

బొల్లారంలో ఒక చదునైన మైదానానికి తీసుకెళ్లాను. యాదగిరి మాత్రం ఆటో దిగలేదు. గళ్ల చొక్కా ఇస్త్రీ చేయించి వేసుకున్నాడు, గడ్డం నున్నగా గీసుకున్నాడు. నన్ను పలకరించకుండానే రిమోట్ అందుకున్నాడు. ట్రిగ్గర్ మీద ఎడమ వేలు వణికింది, అయినా బండి మెల్లగా కదిలింది. కొంత దూరం పోయి కుడికి వంగి గడ్డిలో చిక్కుకుంది. మళ్లీ నడిపాడు, మళ్లీ అంతే. నేను రిమోట్ తీసుకుని ఆ చివరిదాకా సూటిగా పంపి, సూటిగా వెనక్కి తెచ్చాను. తెచ్చాక ఆయన ముఖం చూశాను. అంత ఠీవిగా నడపకుండా ఉండాల్సింది.

యాదగిరి తన కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని చూసుకుంటున్నాడు.

"ఆ చెయ్యి వొయింది, ఇదొకటి మిగిలిందిలే అనుకున్న. ఇది సుత పోతున్నట్టున్నది" అన్నాడు నెమ్మదిగా. "బండిల ఏం లేదు తమ్మీ. నీకు తక్లీఫ్ ఇచ్చినం. సుజాతా, దీన్ని అమ్మేయ్ బిడ్డా."

సుజాత అటు తిరిగి నిలబడింది. ఇన్ని వారాలుగా నా సర్వోను వెనకేసుకురావడమే తప్ప నేను ఆ మనిషి గురించి ఆలోచించలేదు. కానీ ఒక విషయం నా కంటికి అతకలేదు. ఎడమ వేలు వణికింది గాని, ఆ కుడిచెయ్యి పిసరంత కూడా వణకలేదు.

"కాకా, ఒక్కసారి. బండి బంద్ చేసిన. కండ్లు మూసుకొని స్టీరింగ్ సీదా పట్టు."

పట్టాడు.

"సీదనే ఉన్నదా?"

"సీదనే."

"ఇప్పుడు కండ్లు తెరిచి సూడు."

చక్రం మధ్యలో లేదు, కొంచెం కుడికి తిరిగి ఉంది. వదిలేస్తే దానంతట అదే మధ్యకు వచ్చేలా అందులో పలచని స్ప్రింగు ఉంటుంది. పెద్ద బస్సులు తిప్పిన చేతికి ఆ స్ప్రింగు లెక్కలోకే రాలేదు.

"బస్సుల సుత గిట్లనే పట్టేటోనివా కాకా?"

యాదగిరి చక్రం మీద చెయ్యి మళ్లీ పెట్టి చూసుకున్నాడు. "రోడ్డు ఎడమకు వాలు ఉంటది గద తమ్మీ, నీళ్లు పోనీకి. బండి ఎప్పుడు ఎడమకే గుంజుతది. జెర కుడికి పట్టి ఉంచితేనే సీదా పోతది. ఏ రూట్లనైనా గంతే."

"ఎన్నేండ్లు పట్టినవ్ గట్ల?"

"నౌకరంత గట్లనే."

"మరింకేంది? నీ చెయ్యికి ఏం కాలే కాకా. అది ఇంకా డ్యూటీలనే ఉన్నది."

ఆయన రిమోట్ ఒళ్లో పెట్టాడు. చెయ్యి ఎత్తి ముందుకూ వెనక్కీ తిప్పి చూసుకున్నాడు. తర్వాత భుజాలు కదిలేలా నవ్వాడు, ఆ నవ్వులోనే కళ్లలో నీళ్లు తిరిగాయి. సుజాత ఆయన మోకాళ్ల మీద తల పెట్టుకుని దాచుకోకుండా ఏడ్చింది.

ట్రిమ్ సున్నా మీద లేకుండా నా బల్ల మీంచి ఏ బండీ వెళ్లలేదు. ఆ రోజు నా చేత్తో నేనే దాన్ని ఎడమకు జరిపాను. జరుపుతుంటే మనసు కొంచెం మొరాయించిన మాట నిజం. ఆయన చేతిని చూస్తూ, బండి ఎక్కడ సూటిగా నిలిస్తే అక్కడ ఆపాను. ఇప్పుడు ఎవరు బండి తెచ్చినా ముందు రిమోట్ వాళ్లకే ఇచ్చి నడపమంటాను. బండిని కాకుండా చేతులను చూస్తాను. పని నేర్చుకున్న ఇన్నేళ్లకు నాకు తెలిసొచ్చిన సంగతి ఇదొక్కటే.

ఆ రోజు యాదగిరి నడిపిన బండి సూటిగా మైదానం ఆ చివరకు వెళ్లి, మా వైపు తిరిగి ఆగింది. ఆయన కంటికి అంత దూరం సరిగా ఆనలేదు. రిమోట్ కూతురి చేతిలో పెట్టి, కర్ర తీసుకుని, ఎవరూ అడగకుండానే ఆటో దిగాడు. "నువ్వు తోల్కొనిరా బిడ్డా, నేను ఎదురు పోత" అన్నాడు. సుజాత భయంభయంగా ట్రిగ్గర్ నొక్కింది. ఆమె చేతిలో బండి ఎడమకు తిరిగిపోయింది.

నాలుగడుగులు వేసినవాడల్లా ఆగి వెనక్కి వచ్చాడు. కర్ర నాకిచ్చాడు. పడిపోకుండా ఎడమ మోచెయ్యి పట్టుకున్నాను. తన కుడిచేతిని కూతురి చేతి మీద వేసి, చక్రాన్ని కొంచెం కుడికి తిప్పి పట్టాడు.

"గిట్ల పట్టాలె బిడ్డా. జెర కుడికి. పట్టు ఇడువకు."

బండి మా వైపు సూటిగా రావడం మొదలుపెట్టింది. నేను ఎన్నో బండ్లు బాగుచేశాను గాని, పని చేసి అంత సంతోషపడింది లేదు.

"నానా, సీదా వస్తున్నది" అంది సుజాత.

"వస్తది" అన్నాడు యాదగిరి. బండి వచ్చి మా కాళ్ల ముందు ఆగాక కూడా ఆయన కూతురి చెయ్యి వదల్లేదు.