గండికోట లోయలో నాలుగో రాయి

దయ్యాలంటే మా ఇంట్లో నవ్వులాట. నాన్న చర్చిలో ప్రసంగాలు చేసేవారు, చీకటంటే మాకు జంకు లేదు. ఇప్పటికీ నేను వాటిని నమ్మను. జరిగింది మాత్రం జరిగినట్టు చెబుతాను.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో జమ్మలమడుగులో నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. గండికోట లోయలోకి దిగి పెన్నలో కాళ్లు తడపాలని చిన్నప్పటి నుంచీ నా కోరిక. ఆ వేసవి చివర మా అమ్మ తమ్ముడు దానం మామ తీసుకుపోతానన్నాడు. ప్రొద్దుటూరు నుంచి అన్న వచ్చాడు. సంతోషంతో నాకు కాళ్లు నేల మీద నిలవలేదు.

మామ ఒకప్పుడు ఆ లోయలో మేకలు కాచినవాడు. సొరబుర్రల నిండా నీళ్లు, జొన్నరొట్టెలు, ఊరిబిండి పచ్చడి, భుజానికి మోకుతాడు. నా చెప్పుల వార్లు లాగి మరీ చూశాడు. అన్న నవ్వాడు.

"నవ్వుతాండావా? చేతులు కాలినాక ఆకులు పట్టుకుంటే ఏం లాభమప్పా?" అన్నాడు మామ.

దిగేచోట ఒక చదును బండ ఉంది. దిగే ప్రతి మనిషీ దాని మీద ఒక రాయి పెట్టాలి, పైకొచ్చాక తన రాయి తనే తీసి విసరాలి. రాయి మిగిలితే మనిషి కింద ఉన్నట్టు. మేకల కాపర్ల పద్ధతి అది. ఖాళీగా ఉన్న ఆ బండ మీద ముగ్గురం మూడు పెట్టాం.

దారి అంతా గుండ్లే. కొన్ని కాలు పెడితే కదులుతాయి. పట్టుకున్న రాయి అరచేతిని కాల్చేది. అయినా ఎంత ఉత్సాహమో! కింద సన్నటి పాయలో కాళ్లు పెట్టి చిన్నపిల్లలా కేకలు వేశాను.

సద్ది తింటుండగా మామ తాడిపత్రి వైపు చూశాడు. ఆకాశం నల్లబడింది.

"పైన వాన పడతాండాది. ఈడ చినుకు పడకపోయినా ఏరొస్తాది. లెయ్యండి!"

రొప్పుతూ పైకి చేరాం. ఎవరి రాయి వాళ్లం విసిరాం. బండ మీద ఇంకొకటి మిగిలింది. నున్నటి ఏటి రాయి. అంత ఎండలోనూ తడిగా ఉంది. చుట్టూ మనిషి జాడ లేదు.

"ఎవరో మరిచిపోయింటారు, పోదాం పా" అన్నాడు అన్న.

"తడి రాయిరా! ఇప్పుడే పెట్టినట్టుండాది, కింద మనిషుండాది. ఇడిసిపెట్టి యాడికి పోతాం?" అంటూ మామ మళ్లీ దిగాడు. వెనకే మేమూ దిగాం.

ఏటి మలుపులో గుండ్ల మధ్య ఒకామె కాలు ఇరుక్కుని పడి ఉంది. అరిచి అరిచి గొంతు పోయింది. కాలు విడిపించి, ఆమెను మోకుతో మామ వీపుకు కట్టాం. సగం దూరం ఎక్కామో లేదో, కింద హోరుమంటూ ఎర్రటి నీళ్లు వచ్చాయి. ఆమె పడి ఉన్నచోటు కళ్ల ముందే మునిగిపోయింది. భయంతో, సంతోషంతో ఏడ్చేశాను.

పైకొచ్చాక మామ ఆ రాయి ఆమె చేతిలో పెట్టి, "విసురు తల్లీ" అన్నాడు.

ఆమె తెల్లబోయింది. "నాది కాదన్నా. తప్పిపోయిన మేకను ఎతుక్కుంటా ఏటెంబడే వచ్చినా. ఈ బండ నేను ఎప్పుడూ చూల్లేదు."

ఎవరు పెట్టారో నాకు ఈనాటికీ తెలియదు. తమది కాని రాయి ఎవరూ విసరకూడదు. మామ దాన్ని తిరిగి బండ మీదే పెట్టి, కింద పొంగుతున్న ఏటి వైపు చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు.