మా ఊళ్ళో జరగని కారు రేసు

మొన్న నేను చేసిన పని వింటే మీరు నాకు ఇంకో టీ కూడా పోయించరు. జరగని కారు రేసు ఒకటి పెట్టి, జరగాల్సిన నిశ్చితార్థం ఒకటి ఆపేశా! నవ్వకండి. నాకైతే ఇప్పటికీ లోపల కలుక్కుమంటానే ఉంది.

మా ఆయనా నేనూ నరసరావుపేట స్టేషన్ రోడ్డులో ఫొటో స్టూడియో నడుపుతామా, దాంతోపాటు నాకు కారు రేసుల పిచ్చి. ఆ శనివారం రాత్రి సిటీలో రేసు. కొత్తగా రోడ్ల మీదే ట్రాక్ కట్టారు. మామూలు రోజు ఆటోలు తిరిగే రోడ్డే! రెండు పక్కలా సిమెంటు గోడలు పెట్టి, పైన ఫ్లడ్‌లైట్లు వేసి కార్లు వదుల్తారు. ఒక్క డ్రైవరుకీ ఆ మలుపులు అలవాటు లేదు. దుమ్ము రోడ్డు, టైరుకి పట్టుండదు, కాస్త తేడా వస్తే ఎదురుగా గోడే. ఇదంతా మా ఊరోళ్ళకి ముందే చెప్పెయ్యాలని నా ఆత్రం.

ఊరికే చెప్తే ఎవరు వింటారు? అందుకని "ఇట్టాంటి రేసు మన పేటలో పెడితే ఎట్టుంటదో ఒక్కసారి అనుకుందాం" అని మొదలుపెట్టి, స్కూటీకి ఫోన్ బిగించి, మా రోడ్లలోనే తిరుగుతా ప్రివ్యూ చెప్పా. "శనివారం రాత్రి! స్టేషన్ రోడ్డు మీద స్టార్టింగ్! మల్లమ్మ సెంటర్లో మలుపు! గడియారస్తంభం కాడ బ్రేక్ వెయ్యకపోతే కారు షాపులోకే!" గొంతు చించుకున్నా.

మా ఆయన చూసి, "మొదట్లో లాగ్ ఉందే. ఆ అనుకుందాం గినుకుందాం తీసెయ్. జనం స్క్రోల్ చేసి పోతారు" అన్నాడు.

తీసేశా! ఆయన మీదకి నెట్టటం లేదు, కట్ చేసింది నా వేలే.

ఇంక చూడండి, ఊళ్ళో గ్రూపులన్నిట్లో నా వీడియోనే. నేను గాల్లో తేలిపోతున్నా. ఎవరో కుర్రాడు ఫోన్ చేసి "అక్కా, పాసులేమన్నా ఉన్నయ్యా?" అన్నాడు. సిటీ రేసుకేమో అనుకొని, "పాసులెందుకు, ఇంట్లో కూర్చొని చూడు" అన్నా. కిరాణా కొట్టు ఆంటీ, "మా డాబా మీద నించి కనపడుద్దా?" అంది. జోకనుకొని, "సూపర్‌గా కనపడుద్ది ఆంటీ, కుర్చీలేసుకోండి" అన్నా.

శనివారం సాయంత్రం మా వెనక సందులో ఖాసిం బాబాయ్ కూతురు రేష్మా నిశ్చితార్థం. బాబాయ్‌ది లారీ మెకానిక్ షెడ్డు. పెళ్ళికొడుకుది మాచర్ల. ఫొటోలు నావే. ముందు ఆ పని చూసుకొని రాత్రికి టీవీ ముందు కూర్చుందామని కెమెరా తగిలించుకొని పోయా. పోతే షామియానా లేదు. వంట గిన్నెలు బోర్లించి ఉన్నయ్.

"ఏంది బాబాయ్, ఇంకా పెళ్ళివారు రాలా?"

"ఎట్టా వస్తారమ్మాయ్, రోడ్లన్నీ మూసేస్తారుగా? ఇయ్యాల వద్దులే అని నిన్న మాచర్లకి ఫోన్ చేశా."

"రోడ్లు మూయటం ఏంది?"

"రేసు కదమ్మా! నువ్వు చెప్పిందేగా. నీకు తెలుసు కదా అనే ప్రత్యేకంగా చెప్పలా."

ఫోన్ తీసి చూపించాడు. అందులో నేనే, గొంతు చించుకుంటా.

అది ఊరికే అనుకొని చెప్పిందని, అసలు రేసు సిటీలోనని నిజం చెప్పేశా. బాబాయ్ తిట్టినా బాగుండేది. తిట్టలా. మంచం మీద కూలబడ్డాడు. "వాళ్ళు నమ్మలేదమ్మా. పేటలో కారు రేసేంది, పిల్లనివ్వటం ఇష్టం లేకపోతే ఆ మాటే చెప్పు అని ఫోన్ పెట్టేశాడు పిల్లోడి నాన్న. నీ వీడియో ఉంది కదా అని నేనూ గట్టిగానే అరిచా."

రేష్మా గుమ్మంలోకొచ్చింది. అరిచేతుల్నిండా గోరింటాకు ఎర్రగా పండి ఉంది. "పర్లేదులే అక్కా, నువ్వు కావాలని చేశావా ఏంది" అని లోపలికి పోయి, మెల్లగా తలుపేసుకుంది. ఆ చప్పుడు చానా చిన్నది. ఇంకా వినపడతానే ఉంది నాకు.

మా ఆయన కారు తీశాడు. బాబాయిని ఎక్కించుకొని మాచర్ల బయల్దేరాం. స్టేషన్ రోడ్డు దాటుతుంటే డాబా మీద ఆంటీ, చుట్టాలు, కుర్చీలు! "ఏమే, స్టార్టింగ్ ఎన్నింటికి?" అని పైనించి కేక. నేను సీట్లో కిందకి జారిపోయా.

మాచర్లలో పిల్లోడి నాన్న గుమ్మంలోనే నిలబెట్టాడు. "తప్పు నాదండీ, బాబాయ్‌ది కాదు" అని, కట్ చెయ్యని వీడియో పెట్టి చూపించా. రెండుసార్లు చూశాడు.

"మరి ఆ అనుకుందాం అన్న ముక్క ఎందుకు తీసేశావమ్మా?"

"లాగ్... లాగ్ ఉందనండీ."

లోపల్నించి వాళ్ళ నానమ్మ లేచొచ్చింది. "నీ తొందర పాడుగాను! మా పిల్లోడు పొద్దుటి నించి ముద్ద ముట్టలేదే" అంది. ఆ పిల్లోడు మాత్రం మంచినీళ్ళు తెచ్చి, ముందు బాబాయికిచ్చాడు. వాళ్ళ నాన్న ఆ గ్లాసు వంక చూసి, కాసేపు మీసం సవరించుకొని, "లోపలికి రండి భాయ్" అన్నాడు. హమ్మయ్య!

కానీ చుట్టాలందరికీ లేదని చెప్పేసి ఉన్నారు. మళ్ళీ ఏం చెప్పి పిలుస్తామని, తర్వాతి శుక్రవారం ఇంట్లోవాళ్ళే వచ్చి తంతు కానిచ్చారు. రేష్మా నవ్వుతూనే ఉంది. వెనక ఖాళీ కుర్చీలు ఫొటోలో పడకుండా తియ్యటానికి నేను పడ్డ పాట్లు నాకే తెలుసు. ఎంత తిప్పినా ఏదో మూల ఒక కుర్చీ వస్తానే ఉంది.

ఇంతకీ సిటీలో అసలు రేసు? ఎంతసేపటికీ కార్లు రాకపోయేసరికి ఊరంతా డాబాల మీద నించి కిందకి దిగొచ్చి టీవీలో చూశారంట. ఆ టైముకి నేను పిడుగురాళ్ల దగ్గర కార్లో వెనక్కొస్తున్నా. ఎవరు గెలిచారో నాకింతవరకూ తెలీదు. అడుగుదామని నేను "రేసు" అంటే చాలు, మా వీధిలో బళ్ళు తీసి లోపల పెట్టుకుంటున్నారు!